ఫోను తీసేశాక చార్జర్ స్విచ్ ఆపాలా, అక్కర్లేదా?

పొదుపరి:
ఫోను తీసేసి చార్జర్‌ని ప్లగ్గులోనే వదిలేస్తే కరెంటు కాలుతుందా, లేదా? మా ఇంట్లో దీని మీదే గొడవ. నేను కాలుతుందనే పక్షం. బొట్టు బొట్టుగా కారే కుళాయి కూడా బిందె నింపేస్తుంది కదా!

టంకం_మేస్త్రి:
కాలుతుంది, కాదనను. ఎంత అన్నదే అసలు సంగతి. యూరప్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం, 49 వాట్ల లోపు మామూలు చార్జరు ఖాళీగా ఉన్నప్పుడు 0.1 వాట్ దాటకూడదు. అమెరికాలో 2016 నుంచే ఈ హద్దు ఉంది. ఏడాదిలో 8,760 గంటలూ ప్లగ్గులోనే ఉన్నా 0.876 యూనిట్. మీ బిందె నిండేసరికి ఏడాది దాటిపోతుంది సార్.

పొదుపరి:
ఒక్క చార్జరుకి అంతే. పది కోట్ల చార్జర్లు అలాగే వేలాడుతుంటే?

టంకం_మేస్త్రి:
10 మెగావాట్లు. వినడానికి పెద్దదే. కానీ ఆ పది కోట్ల మందీ 2,000 వాట్ల గీజర్‌ని రోజూ 5 సెకన్లు ముందు ఆపేస్తే అంతకంటే ఎక్కువే మిగులుతుంది. జనాన్ని గుణించేటప్పుడు రెండు వైపులా గుణించాలి మరి.

మీటర్_బాబు:
ఇంత లెక్కెందుకు? ప్లగ్ మీటరు పెట్టి చూశా, 0.0 వాట్లు. వాదన క్లోజ్.

నిద్రపోని_స్విచ్:
క్లోజ్ అవ్వలేదండీ. చవక ప్లగ్ మీటర్లకు అంత చిన్న లోడు అందదు, అందుకే సున్నా చూపిస్తాయి. క్లాంప్ మీటరుతో కరెంటు కొలిచి, వోల్టేజితో గుణించి "అమ్మో ఇంతా!" అనేవాళ్లదీ తప్పే. ఖాళీ చార్జరు లాగే కరెంటులో చాలా భాగం కెపాసిటర్‌లోకి (కరెంటుని కాసేపు దాచి తిరిగిచ్చే భాగంలోకి) పోయి వెనక్కి వచ్చేదే. ఆ గుణకారంలో వచ్చేది వీఏ (వోల్ట్-ఆంపియర్), నిజంగా ఖర్చయ్యే వాట్ కాదు. ఇక "ఇంటి మీటరు అంత తక్కువకి కదలదు" అనే మాట ఒకటి తిరుగుతుంటుంది. ఇంట్లో అదొక్కటే ఉంటే కదలకపోవచ్చు. ఫ్రిజ్ నడుస్తుంటే మాత్రం ఇదీ దాని మీద కలిసి పడుతుంది.

పొదుపరి:
మరి పాత చార్జర్లు? ఇటుకరాయిలా బరువుండేవి?

టంకం_మేస్త్రి:
ఇక్కడ మీ మాటకు బలముంది. ఇప్పటి చార్జర్లలో లోడు లేనప్పుడు చిప్ దాదాపు నిద్రలో ఉంటుంది. అవుట్‌పుట్ వోల్టేజి కాస్త జారినప్పుడల్లా నాలుగు పల్సులు వదిలి మళ్లీ పడుకుంటుంది. పాతవాటిలో నిద్ర లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్ ఖాళీగా ఉన్నా అయస్కాంతమవుతూనే ఉంటుంది, ఆ నష్టమంతా వేడిగా పోతుంది. ఒకటి రెండు వాట్లు అలా పోవడం మామూలే. గంటసేపు ఖాళీగా ఉంచి చేత్తో ముట్టుకోండి. వెచ్చగా తగిలితే పీకేయండి. 0.1 వాట్ వేడి చేతికి తెలియదు.

పిడుగు_భయం:
నేను స్విచ్ ఆపేది యూనిట్ల కోసం కాదు. ఉరుములప్పుడు, పైగా ఊరూపేరూ లేని చార్జరైతే, ప్లగ్గులోంచే తీసేస్తాను.

టంకం_మేస్త్రి:
మంచి అలవాటే, నేనూ తీస్తా. అయితే అది భద్రత సంగతి, బిల్లుతో కలపొద్దు.

పొదుపరి:
ఇప్పుడే పాత కార్డ్‌లెస్ ఫోను అడాప్టరు ముట్టుకున్నా. ఏమీ తగిలించకపోయినా వెచ్చగా ఉంది. గెలిచినట్టేగా?

టంకం_మేస్త్రి:
ఆ అడాప్టరు వరకూ మీరే గెలిచారు. టీవీ కింద సెట్‌టాప్ బాక్స్ స్టాండ్‌బైలో 10 వాట్లు లాగే రకమైతే ఏడాదికి 87 యూనిట్ల పైమాటే. మీ ఇంట్లో దాని స్విచ్ ఎవరు ఆపుతున్నారు?