డెబ్బై వేల సేల్స్ సర్టిఫికెట్: చేరమంటారా, ఆగమంటారా?

ప్రశ్న (కావలి, బైకుల షోరూము ఉద్యోగి)

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు, బీకాం చదివాను. మూడేళ్లుగా నెల్లూరులో ఒక బైకుల షోరూములో పని, కావలి నుంచి రోజూ రైల్లో వెళ్లి వస్తాను. జీతం 14,000. బళ్లు బాగా కదిలిన నెలలో ఇంకో మూడు నాలుగు వేలు వస్తాయి. ఒక శిక్షణ సంస్థ ఆన్‌లైన్‌లో ఆరు నెలల సేల్స్ సర్టిఫికెట్ కోర్సు ఉందని వెంటపడుతోంది. ఫీజు 60,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, మొత్తం 70,800. ఒకేసారి కట్టలేనంటే నెలకు 6,600 చొప్పున పన్నెండు నెలలు కట్టమన్నారు. తరగతులు శని, ఆదివారాలు. చివర్లో ‘ఉద్యోగ సహాయం’ ఉంటుందట. ఈ రోజు చేరితేనే ఈ ధర అని నాలుగుసార్లు ఫోను చేశారు. నాన్న కౌలు రైతు, ఆయన్ని అడగలేను. చేరమంటారా?

జవాబు (నెల్లూరు, రొయ్యల మేత సేల్స్‌లో పదకొండేళ్లు)

తమ్ముడూ, నాలుగుసార్లు ఫోను చేసినవాడిదీ సేల్స్ ఉద్యోగమే. వాడి నెలాఖరు టార్గెట్‌లో నువ్వొక అంకె. కోపం తెచ్చుకోకు, ఎలా అమ్ముతున్నాడో గమనించు. ఆ పాఠానికి ఫీజు లేదు.

ఇక లెక్క. పన్నెండు వాయిదాలు కలిపితే 79,200. అంటే వడ్డీ 8,400. పన్నెండు శాతం కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ నువ్వు నెలనెలా అసలు తీరుస్తుంటే వడ్డీ మాత్రం ఏడాదంతా మొత్తం అప్పు మీదే పడుతోంది. సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 21 శాతం దాటుతుంది. పైగా ఇలాంటి వాయిదాల వెనుక సాధారణంగా ఒక ఫైనాన్స్ కంపెనీ ఉంటుంది. రెండో నెలలో కోర్సు నచ్చక మానేసినా వాయిదా మానదు. ఓటీపీ చెప్పే ముందు అప్పు వివరాల పత్రం అడుగు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అది ఇచ్చి తీరాలి. నిజంగా పడే వడ్డీ రేటు, అప్పు వద్దనుకుంటే వెనక్కి కట్టేసే గడువు అందులో ఉంటాయి.

నువ్వు లెక్కలో వేయనిది ఇంకొకటి ఉంది. షోరూముకు జనం వచ్చేదే శని, ఆదివారాల్లో. ఆ రెండు రోజులూ తరగతిలో కూర్చుంటే ఇన్సెంటివ్ నెలకు రెండు వేలు తగ్గిందనుకో, ఆరు నెలలకు 12,000. ఖర్చు 91,200 అయింది. కోర్సు వల్ల జీతం మూడు వేలు పెరిగినా అది తీరడానికి రెండున్నరేళ్లు.

మా కంపెనీలో కుర్రాళ్లను తీసుకునేటప్పుడు నేనూ కూర్చుంటాను. మేత అమ్మడం పెద్ద పని కాదు, అప్పు మీద ఇచ్చిన మేతకు రొయ్యల పట్టుబడి అయ్యాక డబ్బు రాబట్టడం పని. అందుకే ‘బాకీ ఎలా వసూలు చేశావు’ అని అడుగుతాం. సర్టిఫికెట్ చూపించమని ఇంతవరకు ఎవరినీ అడగలేదు.

జవాబు (ఒంగోలు, మ్యూచువల్ ఫండ్లు, బీమా)

అన్నగారు చెప్పింది నిజమే కానీ, సర్టిఫికెట్లన్నీ ఒకటి కాదు బాబూ. అది లేకపోతే అమ్మనివ్వని సర్టిఫికెట్ వేరు, ఉంటే గోడకు తగిలించుకునేది వేరు. నేను ఫండ్లు అమ్మాలంటే, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నెలకొల్పిన ఎన్‌ఐఎస్‌ఎం వారి పరీక్ష పాస్ కావాల్సిందే. వంద ప్రశ్నలు, రెండు గంటలు, యాభై శాతం వస్తే పాస్. నేను రాసినప్పుడు ఫీజు 1,500. మూడేళ్లకు గడువు తీరుతుంది. బీమా ఏజెంటుకూ శిక్షణ, పరీక్ష తప్పవు. ఆ ఖర్చులు నీ 70,800 ముందు ఎంత? షోరూములో వాహన బీమా మాటలు రోజూ వింటూనే ఉంటావు, అటువైపు ఒకసారి చూడు.

జవాబు (కోవూరు, పురుగుమందుల దుకాణం)

ఒంగోలు అమ్మగారు చెప్పిన మాటకు నా దుకాణమే సాక్ష్యం. వ్యవసాయం చదవని మాలాంటివాళ్ల కోసం హైదరాబాదులోని మేనేజ్ అనే కేంద్ర వ్యవసాయ శిక్షణ సంస్థ రూపొందించిన ఏడాది డిప్లొమా ఉంది, డేసి అంటాం. వారానికొక తరగతి చొప్పున 48 వారాలు. యాభై దాటాక పుస్తకం పట్టుకోవడం నామోషీగా అనిపించింది, కానీ లైసెన్సుకు చదువు అడుగుతున్నప్పుడు వెళ్లక తప్పుతుందా? నీ సర్టిఫికెట్‌ను అడుగుతున్నది ఎవరు? అమ్మేవాడు తప్ప ఇంకెవరూ కనబడటం లేదు.

జవాబు (చీమకుర్తి, గ్రానైట్ ఎగుమతి కార్యాలయం)

నేను ఇలాంటి కోర్సే చేశాను, అంత తీసిపారేయకండి. మా ఊరి నల్ల గ్రానైట్, గెలాక్సీ రాయి కొనే విదేశీ పార్టీకి ఇంగ్లిషులో ఈమెయిల్ రాయడం, అడిగినవాళ్ల చిట్టా కంప్యూటర్‌లో పెట్టుకుని మళ్లీ పలకరించడం అక్కడే నేర్చుకున్నాను. జీతమూ పెరిగింది. కాకపోతే సగం ఫీజు మా యజమాని కట్టారు, మొత్తం నేనే కట్టాల్సి ఉంటే చేరేవాడిని కాదు. ఎక్సెల్, ఇంగ్లిషు నీ లోటు అయితే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో పాఠాలు ఉచితం, వాటితో మొదలుపెట్టు. మీ యజమానిని కూడా ఒక మాట అడిగి చూడు, పోయేదేముంది.

ప్రశ్న అడిగిన వ్యక్తి (మూడు రోజుల తర్వాత)

ఆదివారాల లెక్క నాకు తట్టనే లేదు. పోయిన బ్యాచ్‌లో మన జిల్లావాళ్లు ఇద్దరితో మాట్లాడించమని సంస్థను అడిగాను. ‘నిబంధనలు ఒప్పుకోవు’ అన్నారు. అప్పు పత్రం చేరిన తర్వాతే పంపుతారట. ఆ రోజుతో పోతుందన్న ధర నిన్న మళ్లీ వచ్చింది, ఇంకో అయిదు వేలు తగ్గి.

చేరడం లేదు. మా మేనేజరును అడిగితే ఫీజు మాట దాటేశారు కానీ, పాత బళ్ల మార్పిడి, బీమా కౌంటరు చూసుకోమన్నారు. అక్కా, మీరు చెప్పిన బీమా పరీక్షకు తెలుగులో రాసే వీలు ఉందా?