మోడ్‌లతో ఆట సగంలో ఉండగా కొత్త వెర్షన్ వస్తే: వెంటనే మారాలా, పాతదానిలోనే ముగించాలా?

నల్లగొండ నుంచి:
నేను ఆడుతున్న అంతరిక్ష వ్యూహ ఆటకు పన్నెండు మోడ్‌లు (ఆటగాళ్లు రాసి పంచుకునే మార్పులు, చేర్పులు) తగిలించుకున్నాను. నిన్న రాత్రి కొత్త వెర్షన్ దానంతట అదే దిగింది. పాత సేవ్ (దాచుకున్న ఆట) తెరిస్తే కుడివైపు గ్రహాల జాబితా ఉండాల్సిన చోట ఖాళీ పలక కనిపిస్తోంది. నలభై గంటల ఆటను వదులుకోవాలా, లేక వెనక్కి వెళ్లాలా?

మిర్యాలగూడ నుంచి:
వెనక్కి వెళ్లండి. మీరు ఆట పేరు చెప్పలేదు కాబట్టి నాకు బాగా తెలిసిన, అలాంటిదే అయిన స్టెల్లారిస్ ఆటనే ఉదాహరణగా తీసుకుంటాను. 2018 ఫిబ్రవరిలో 2.0 వచ్చినప్పుడు, ఆట మొదట్లో ఎంచుకోగలిగిన మూడు ప్రయాణ పద్ధతుల్లో వార్ప్, వర్మ్‌హోల్ తీసేసి హైపర్‌లేన్ ఒక్కటే ఉంచారు. అదే ఏడాది డిసెంబరులో 2.2తో గ్రహాల మీది గడుల పద్ధతి పోయి జిల్లాలు, ఉద్యోగాలు వచ్చాయి. గడులను నమ్ముకుని రాసిన భవనాల మోడ్‌కు కాళ్ల కింద నేలే లేకుండా పోయింది. నాటు పడిన మడిలో వరి రకం మార్చలేం కదా, కోత దాకా ఆగాల్సిందే.

మహబూబ్‌నగర్ నుంచి:
మిర్యాలగూడ మిత్రులతో నేను ఏకీభవించను. ప్రతి వెర్షనూ 2.2 అంతటి మార్పు తేదు. మోడ్ ఎలా రాశారన్నదే అసలు విషయం. తన సొంత ఫైళ్లను పక్కన చేర్చే మోడ్ చాలాసార్లు చెక్కుచెదరదు. అసలు ఆట ఫైలునే అదే పేరుతో పూర్తిగా మార్చిపెట్టే మోడ్ మాత్రం, ఆ ఫైల్లో తయారీదారులు కొత్తగా రాసిన వరుసలను కప్పేసి పాతవాటినే చదివిస్తుంది. నల్లగొండ వారి ఖాళీ పలక తెర రూపాన్ని మార్చే మోడ్ పనే అని నా అనుమానం. అలాంటి మోడ్ సేవ్‌లో సాధారణంగా ఏమీ మిగల్చదు కాబట్టి, సేవ్‌కు నకలు తీసుకుని, ఆ మోడ్‌ను ఆపి చూడండి. ఇంకో మాట: గద్వాలలో, వనపర్తిలో ఉన్న మిత్రులతో కలిసి ఆడే నాకు పాత వెర్షన్‌లో ఒంటరిగా కూర్చోవడం కుదరదు, అందరి వెర్షన్లూ మోడ్‌లూ ఒకటైతేనే ఆట కలుస్తుంది.

దేవరకొండ నుంచి:
మా ఊళ్లో ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ఒక అప్‌డేట్‌తో రోజంతటి డేటా అయిపోతుంది. అందుకే ఆటలు కొని దింపుకునే స్టీమ్‌లో, ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ కావాలన్న ఎంపిక పెట్టుకున్నాను.

మిర్యాలగూడ నుంచి:
తెర మోడ్ గురించి మహబూబ్‌నగర్ వారు చెప్పింది సరైనదే, ఒప్పుకుంటున్నాను. అయితే కొత్త జాతులను, భవనాలను చేర్చే మోడ్‌ల పేర్లు సేవ్‌లోకి ఎక్కుతాయి, అక్కడే నా భయం. పైగా వెనక్కి వెళ్లేవారిలో చాలామంది సగం పనే చేస్తారు. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌కు వెళ్లి బీటాస్ (వేరే వెర్షన్ల జాబితా)లో పాత వెర్షన్ ఎంచుకుంటారు. స్టీమ్‌లో మోడ్‌లు పంచుకునే చోటైన వర్క్‌షాప్ నుంచి తెచ్చుకున్న మోడ్ మాత్రం రచయిత కొత్తది పెట్టగానే ముందుకు వెళ్లిపోతుంది. అప్పుడు పాత ఆట మీద కొత్త మోడ్ కూర్చుంటుంది, ఇది మొదటిదానికంటే చెడ్డ జత. కాబట్టి మార్పు రాకముందే నకలు తీసిపెట్టుకోవాలి. స్టెల్లారిస్‌కైతే స్టీమ్ వర్క్‌షాప్ కంటెంట్‌లో 281990 అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో అంకెల పేర్లతో ఉన్న మోడ్ ఫోల్డర్లను డాక్యుమెంట్స్‌లోని ఆట మోడ్ ఫోల్డర్‌లోకి తెచ్చి, ఒక్కోదానికి దాని పేరు, చోటు తెలిపే చిన్న మోడ్ ఫైలు పెట్టి, అందులోని పాత్ వరుస కొత్త చోటును చూపేలా దిద్ది, దాన్ని వర్క్‌షాప్‌తో ముడిపెట్టే రిమోట్ ఫైల్ ఐడీ వరుసను చెరిపేయాలి. ఆటను మొదలుపెట్టే లాంచర్‌లో ఆ నకళ్లనే, పాత వరుస క్రమంలోనే ఎంచుకోవాలి. పన్నెండు మోడ్‌లకు అరగంట పని.

మహబూబ్‌నగర్ నుంచి:
నకలు తీయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ అందరూ పాతదానిలోనే ఉండిపోతే, జీతం భత్యం లేకుండా మోడ్‌లు రాసేవారికి తప్పులు చెప్పేదెవరు? ఆట తన తప్పులను రాసిపెట్టే ఎర్రర్ లాగ్ ఫైలును జతచేసి రచయితకు పంపండి.

నల్లగొండ నుంచి:
తెర మోడ్ ఆపగానే జాబితా తిరిగి వచ్చింది. అయితే రెండు గ్రహాల మీద భవనాల పేర్ల బదులు అడ్డగీతల కోడ్ మాటలు కనిపిస్తున్నాయి. భవనాల మోడ్ రచయిత ఇంకా కొత్తది పెట్టలేదు కాబట్టి దాని పాత ఫోల్డర్ నా దగ్గరే ఉంది. ఈ రాత్రే నకలు తీసి, పాత వెర్షన్‌కు వెళ్లి ఈ ఆట ముగిస్తాను. ఎర్రర్ లాగ్‌ను రచయితకు ఇప్పుడే పంపాను.