పెరాక్సీనైట్రైట్ పోసినా బీఎస్‌ఏలో నైట్రోటైరోసిన్ రావడం లేదు

ప్రశ్న:
10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7.4. మిల్లీలీటరుకు 1 మి.గ్రా. బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్). 0.3 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉన్న 20 మిల్లీమోలార్ పెరాక్సీనైట్రైట్‌ను (టైరోసిన్‌కు నైట్రో గుంపు చేర్చే, త్వరగా విడిపోయే ఆక్సీకారి) మిల్లీలీటరుకు 50 మైక్రోలీటర్ల చొప్పున చుక్కచుక్కగా వేశాను. నైట్రోటైరోసిన్ (నైట్రో గుంపు చేరిన టైరోసిన్ అమైనో ఆమ్లం) ఇవ్వాల్సిన పసుపు రంగు అంతంతమాత్రం. స్టాక్ పాడైందంటారా?

జవాబు 1:
స్టాక్ కంటే ముందు బఫర్‌ని అనుమానించండి. ఆ 50 మైక్రోలీటర్లలో 15 మైక్రోమోళ్ల క్షారం ఉంది, మీ మిల్లీలీటరు బఫర్‌లో ఉన్న ఫాస్ఫేట్ మొత్తం కలిపినా 10 మైక్రోమోళ్లే. పీహెచ్ 11 దాటిపోతుంది. పెరాక్సీనైట్రైట్ ఆమ్ల రూపమైన పెరాక్సీనైట్రస్ ఆమ్లం పీకేఏ (సగం ఆమ్ల రూపంలో, సగం క్షార రూపంలో ఉండే పీహెచ్) 6.8, విడిపోయేది ఆ ఆమ్ల రూపమే కాబట్టి అంత క్షారంలో అది విడిపోకుండా అలాగే ఉండిపోతుంది. 100 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ వాడినా పీహెచ్ 8 దాకా ఎక్కుతుంది. 200 వాడితే దాదాపు 7.6 దగ్గర ఆగుతుంది. లోహాల బెడద లేకుండా వాటిని పట్టి ఉంచే డీటీపీఏ 0.1 మిల్లీమోలార్ కలపండి. పోశాక పీహెచ్ తప్పకుండా చూడండి.

స్టాక్‌ని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 40 రెట్లు పలచన చేసి 302 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చదవండి. మోలార్ శోషణ గుణకం 1670, అంటే శోషణ 0.83 రావాలి. ప్రతిసారీ వాడే ముందే చదవాలి.

జవాబు 2:
చుక్కచుక్కగా వేయడం కూడా తప్పేనండి. పెరాక్సీనైట్రైట్ టైరోసిన్‌తో నేరుగా కలవదు. ఆమ్ల రూపం సుమారు 30 శాతం మేర హైడ్రాక్సిల్, నైట్రోజన్ డయాక్సైడ్ రాడికల్స్‌గా (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న, చురుకైన కణాలుగా) చీలుతుంది, మిగతాది నైట్రేట్ అయిపోతుంది. ఒక రాడికల్ టైరోసిన్ నుంచి ఎలక్ట్రాన్ లాగేస్తే టైరోసిల్ రాడికల్ వస్తుంది, దాని మూడో స్థానంలో నైట్రోజన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది. అంటే ఒక్క నైట్రోటైరోసిన్‌కి రెండు రాడికల్స్ ఖర్చు. నెమ్మదిగా పోస్తే నైట్రోజన్ డయాక్సైడ్ పలచబడి, టైరోసిల్‌లు తమలో తాము జతకట్టి డైటైరోసిన్ వైపు పోతాయి. వోర్టెక్స్ (ట్యూబ్‌ని గిరగిరా కదిపే యంత్రం) తిరుగుతుండగా ఒక్కసారిగా వదలండి.

25 మిల్లీమోలార్ బైకార్బనేట్ కలిపితే దిగుబడి పెరుగుతుంది. బైకార్బనేట్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మార్గంలో సుమారు 35 శాతం కార్బొనేట్ రాడికల్ పుడుతుంది. హైడ్రాక్సిల్ కనబడిన ప్రతిదాన్నీ కొడుతుంది, కార్బొనేట్ మాత్రం టైరోసిన్ లాంటివాటినే ఎక్కువగా పట్టుకుంటుంది. ఆ బఫర్‌ని అప్పటికప్పుడు, మూత బిగించిన ట్యూబ్‌లో చేసుకోవాలి. లేకపోతే వాయువు పోయి పీహెచ్ ఎక్కుతుంది.

జవాబు 3:
కొలిచే దగ్గర కూడా జాగ్రత్త. నైట్రోటైరోసిన్ పీకేఏ 7 చుట్టూ ఉంటుంది. పీహెచ్ అంతకన్నా కిందికి దిగితే శోషణ శిఖరం 360 నానోమీటర్లకు జరిగి పసుపు వెలిసిపోతుంది. పీహెచ్ 9.5కి తెచ్చి 430 దగ్గర చదవండి.

కంట్రోల్‌గా, ప్రోటీన్ లేని బఫర్‌లో పెరాక్సీనైట్రైట్ వేసి, 5 నిమిషాలు ఆగి (ఈలోపు అది విడిపోతుంది), అప్పుడు బీఎస్‌ఏ కలపండి. అందులోనూ రంగు వస్తే అది పెరాక్సీనైట్రైట్ పని కాదు, స్టాక్‌లోని నైట్రైట్ లాంటి మలినాలను చూడాలి. మాస్ స్పెక్ట్రోమెట్రీలో 45 డాల్టన్ల పెరుగుదల వెతుకుతారు కదా, మాల్డీ (లేజర్‌తో నమూనాను అయాన్లుగా మార్చే పద్ధతి) లేజర్ కింద నైట్రో గుంపు ఆక్సిజన్లు పోగొట్టుకుని 16, 32 తక్కువగా కూడా శిఖరాలు కనిపిస్తాయి. వాటిని వేరే మార్పులనుకోకండి. లేజర్ వాడని ఎలక్ట్రోస్ప్రే పద్ధతిలో ఈ గొడవ ఉండదు.