పిల్లల కదలికల ప్రశ్నావళి: అనువదిస్తే చాలా, ప్రశ్నలే మార్చాలా?

చిన్నడుగు:
కదలికల సమన్వయంలో ఇబ్బంది పడే పిల్లల్ని ముందే గుర్తించడానికి డీసీడీక్యూ'07 అనే ప్రశ్నావళి వాడుతుంటాం. కెనడాలో తయారైంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల గురించి తల్లిదండ్రులు నింపాలి. 15 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 1 అంటే ఆ వాక్యం మా బిడ్డకు అస్సలు వర్తించదని, 5 అంటే పూర్తిగా వర్తిస్తుందని. దీన్ని ఇంకో భాషలోకి తెచ్చేటప్పుడు ఒక్క ముక్కా మార్చకూడదని మా తోటి థెరపిస్టులు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కొలబద్ద:
మార్చకూడదనే నేనూ అంటాను. ఎవరికి వారు మార్చుకుంటూ పోతే ఒక దేశం ఫలితాన్ని ఇంకో దేశంతో ఎలా పోలుస్తామండీ? అనువాదం, దాన్ని మళ్లీ మూల భాషలోకి మార్చి చూసే తిరుగు అనువాదం, నిపుణుల పరిశీలన, ఆపైన 30–40 మందితో నింపించి చూడటం. ఇవి పక్కాగా చేస్తే చాలు.

చిన్నడుగు:
తిరుగు అనువాదం సరిపోయినంత మాత్రాన అర్థం చేరినట్టు కాదండీ. 14వ వాక్యం చూడండి. గాజుసామాన్ల కొట్లో జొరబడ్డ ఎద్దుతో మీ బిడ్డను ఎవరూ ఎప్పుడూ పోల్చరు అని ఉంటుంది. అన్నిటికీ తగిలి పడగొట్టేవాళ్లను ఇంగ్లీషులో అలా అంటారు. మాటకు మాట పెడితే తిరుగు అనువాదం చక్కగా కుదురుతుంది. ఆరేళ్ల బాబు తల్లి ఒకావిడ నా ఎదురుగానే నింపారు. ‘ఎద్దు ఏంటండీ?’ అన్నారు. తర్వాత ‘పోల్చరు’ దగ్గర చిక్కుకున్నారు. పెన్ను 5 మీద పెట్టి, తీసేసి, 1కి సున్నా చుట్టారు. మొత్తం 46 వచ్చింది. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు 46, అంతకన్నా తక్కువ వస్తే అనుమానించాలి. అడిగితే, ‘మావాడు దేనికీ తగలడండీ, అందుకే అస్సలు కాదని పెట్టా’ అన్నారు. అంటే 5 పడాలి, మొత్తం 50 కావాలి. ఆ ఒక్క వాక్యంతో బాబు గీతకు ఇవతల పడ్డాడు!

కొత్త పనులు నేర్చుకోవడం గురించిన వాక్యంలో ఈత, రోలర్ స్కేటింగ్ ఉదాహరణలు. చక్రాల బూట్లు ఎన్నడూ తొడగని పిల్లకు తక్కువ మార్కు పడితే అది ఒంటి లోపమా, అవకాశం లేకపోవడమా? అడిగే నైపుణ్యం అదే ఉండాలి, ఉదాహరణ మారాలి.

ఒక్కగానొక్కడు:
నాకు ఒక్కడే కొడుకు. తోటి పిల్లలతో పోల్చి చెప్పమన్నారు. ఆ వయసువాళ్లు ఎలా చేస్తారో నాకేం తెలుసు? అన్నీ 5 పెట్టేశాను. వాడు బంతి పట్టలేక ఏడ్చేదాకా ఎవరికీ అర్థం కాలేదు. ఏడాది పోయింది. అది ఇప్పటికీ బాధే.

కొలబద్ద:
14 విషయంలో మీదే సరి, చిన్నడుగు గారూ. కానీ ఉదాహరణలు మార్చాక పాత 46నే పట్టుకుంటే తప్పు కదా?

చిన్నడుగు:
తప్పేనండీ. పిల్లల చేత పనులు చేయించి కదలికలను కొలిచే ఎంఏబీసీ-2 లాంటి పరీక్షతో నేరుగా చూసి, ఆ ఫలితంతో సరిచూసి కటాఫ్ మళ్లీ కట్టాలి. ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువే, అయినా తప్పదు. తోటి పిల్లలతో పోల్చలేకపోయానని ‘ఒక్కగానొక్కడు’ చెప్పిన చిక్కు కోసం టీచరు మాట కూడా అడగాలి.

కొలబద్ద:
సరే, 14ని ఎలా రాస్తారు?

చిన్నడుగు:
‘మీ బిడ్డ వస్తువులకు తగలకుండా, వాటిని పడెయ్యకుండా జాగ్రత్తగా మెలుగుతుంది.’ ఎద్దూ లేదు, ‘పోల్చరు’ అన్న మెలికా లేదు. ముందు పదిమంది తల్లులతో పైకి చదివించి, ఏమర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకుంటాను.