షాట్‌పుట్‌లో గ్లైడ్ (సెక్టార్‌కి వీపు పెట్టి, సర్కిల్‌లో వెనక్కి జారుతూ వచ్చి వేయడం) వేసినా నిలబడి వేసినా గుండు దాదాపు ఒకే దూరం పడుతోంది. సెక్టార్ అంటే గుండు పడాల్సిన, రెండు గీతల మధ్య జాగా. పవర్ క్లీన్‌లో (బార్‌ను నేల నుంచి ఒక్క ఊపున భుజాల మీదికి ఎత్తడం) మణికట్టు నొప్పి. ఎక్కడ సరిచేయాలి?

కావలి పీఈటీ:
అందరికీ నమస్కారం. పదో తరగతి అమ్మాయి, అండర్ 18, కుడిచేతి వాటం, 3 కిలోల గుండు. నిలబడి వేస్తే 9.20 మీటర్లు అటూ ఇటూ. గ్లైడ్‌తో వేస్తే 9.40 దాటడం లేదు. గ్లైడ్‌లో గుండు ఎక్కువసార్లు ఎడమ సెక్టార్ గీత పక్కనే పడుతోంది, ఒక్కోసారి గీత బయటికి పోతోంది. చూడ్డానికి గ్లైడ్ బాగానే ఉంది, కాళ్ళలో బలం కూడా ఉంది.

రెండోది బరువుల సంగతి. వారానికి రెండు రోజులు పవర్ క్లీన్, స్క్వాట్ చేయిస్తున్నాం. క్లీన్‌లో బార్ భుజాల మీదికి తీసుకునేటప్పుడు మణికట్టు, మోచేయి లాగుతున్నాయంటోంది. బార్ మా ఊళ్ళోనే చేయించింది, 28 మి.మీ. కమ్మీ, పొడవు 2.2 మీటర్లు. చివర్లో బిళ్ళలు ఎక్కించి బోల్టు బిగిస్తాం. బార్ 20, బిళ్ళలు 10, మొత్తం 30 కిలోలు పెడుతున్నాం. ఇంకో మాట, గ్లైడ్ మానేసి తిరిగి వేసే రొటేషన్ పద్ధతి నేర్పితే మేలా?

ఒంగోలు త్రోస్:
సార్, గ్లైడ్ తెలిసిన పిల్లకి నిలబడి వేసిన దానికంటే కనీసం ఒక మీటరు ఎక్కువ రావాలి. మీకు 20 సెంటీమీటర్లే వస్తున్నాయంటే గ్లైడ్‌లో పుట్టిన వేగం గుండుదాకా చేరకుండానే ఆగిపోతోంది. గుండు ఎడమకు పోతోందన్నారు కాబట్టి నా అనుమానం రెండిటి మీద: కుడికాలు నేలకు తగిలేలోపే భుజాలు తెరుచుకుంటున్నాయి, ఎడమ పాదం మరీ ఎడమకు పడుతోంది.

సర్కిల్ పక్కన, కుడిచేతి వైపు నుంచి, నడుము ఎత్తులో ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీయండి. కుడి పాదం దిగిన ఫ్రేములో ఆపి చూడండి. ఆ క్షణాన ఆమె ముఖం, ఎడమ చెయ్యి, రెండు భుజాలు ఇంకా సర్కిల్ వెనక్కే ఉండాలి. నడుము కిందిది ముందుకు తిరగడం మొదలవ్వాలి, పైది ఆలస్యం కావాలి. ఆ మెలికే గుండును నెట్టేది. ఛాతీ అప్పటికే పక్కకు తిరిగి ఉంటే ఇక మిగిలింది చెయ్యి ఒక్కటే, అంటే నిలబడి వేసినట్టే.

పాదాల లెక్క ఇట్టా చూడండి. వెనక్కి చూసే దిక్కు గడియారంలో 12 అనుకుంటే సెక్టార్ 6 వైపు. గ్లైడ్ మొదట్లో కుడి పాదం వేళ్ళు 12 వైపు ఉంటాయి. గాల్లోనే తిరిగి, సర్కిల్ మధ్యలో 9, 10 మధ్యకి చూస్తూ దిగాలి. ఇంకా 12కే చూస్తూ దిగితే మోకాలు లోపలికి తిరగదు, తుంటి ఇరుక్కుపోతుంది. ఎడమ పాదం స్టాప్ బోర్డు (సర్కిల్ ముందు అంచున ఉండే దిమ్మె) దగ్గర, నడి గీతకు కాస్త ఎడమగా పడాలి. కుడి మడమ, ఎడమ బొటనవేలు ఒకే గీత మీద ఉంటే సరిపోయినట్టు. అంతకన్నా ఎడమకు పోతే ఒళ్ళంతా ఎడమకు పడిపోయి గుండూ అటే పోతుంది. నడి గీత మీదే పడితే తుంటికి దారి ఉండదు.

ఇంకోటి చెవులతో పట్టుకునేది. కుడి పాదం, ఎడమ పాదం దాదాపు కలిసే పడాలి, శబ్దం "టకటక" అని వెంటవెంటనే రావాలి. "టక్... టక్" అని మధ్యలో ఖాళీ వినపడిందంటే గ్లైడ్ వేగం అక్కడ చచ్చిపోయింది. ఎడమకాలు పైకి తన్నే పిల్లలకే ఇది వస్తుంది. ఎడమకాలు స్టాప్ బోర్డు అడుగుకు గురిపెట్టి, నేలకు జానెడు ఎత్తులో సాగాలి. కుడికాలు గెంతకూడదు. తుంటి వెనక్కి పడుతూ ఉండగా కుడికాలు నెట్టి, చివరికి మడమ మీంచి వదిలి, వెంటనే కిందికి లాక్కోవాలి. తల ఎత్తు గ్లైడ్ పొడుగునా పెద్దగా మారకూడదు.

సరిచేసే పని: గుండు లేకుండా గ్లైడ్ చేయించండి. వెనక ఒకరు నిలబడి తువ్వాలు ఒక చివర పట్టుకోవాలి, రెండో చివర ఆమె ఎడమ చేతిలో. రెండు పాదాలూ దిగేదాకా ఆమె తువ్వాలు వదలకూడదు. భుజాలు ముందే తెరిస్తే తువ్వాలు లాగేస్తుంది, చెప్పాల్సిన పని లేదు. నేల మీద సున్నంతో నడి గీత గీసి, పాదాలు ఎక్కడ పడ్డాయో ప్రతిసారీ ఆమే చూసుకోవాలి. తర్వాత గ్లైడ్ చేసి పవర్ పొజిషన్‌లో (రెండు పాదాలూ దిగి, గుండు నెట్టడానికి సిద్ధంగా ఉన్న భంగిమ) ఆగడం, ఆగి వేయడం, చివరికి ఆగకుండా వేయడం. విసిరాక కాళ్ళు మార్చే రివర్స్ ఇప్పుడే నేర్పొద్దు. అది ముందొస్తే గుండు చేతిని వదలకముందే ఎడమకాలు లేచిపోతుంది.

కోణం గురించి బెంగ వద్దు. 45 డిగ్రీలు అని పిల్లలకు నూరిపోసేవాళ్ళున్నారు, అది నేల మట్టం నుంచి విసిరిన వస్తువుకి వర్తించే లెక్క. గుండు భుజం పైనుంచి పోతుంది, పైగా కోణం పెంచేకొద్దీ నెట్టే బలం తగ్గుతుంది. 35 నుంచి 38 మధ్య చాలు. లెక్క వేసి చూడండి: 1.8 మీటర్ల ఎత్తు నుంచి, సెకనుకు 9 మీటర్ల వేగంతో, 37 డిగ్రీల్లో వదిలితే 9.86 మీటర్లు. అదే వేగంలో 40 డిగ్రీలైతే పెరిగేది మూడు నాలుగు సెంటీమీటర్లే. వేగం 9.45కి పెరిగితే మాత్రం 10.70. కాబట్టి పని చేయాల్సింది వేగం మీద.

కోవూరు బార్‌బెల్:
మణికట్టు సంగతి నేను చెప్తా. ముందు మీ బార్ తూకం వేయించండి సార్. ఇల్లు కట్టేవాళ్ళ సూత్రమే: మి.మీ. లో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 28 మి.మీ. కమ్మీకి 4.84. 2.2 మీటర్లకి పదిన్నర కిలోలు చిల్లర. పోటీల మగవాళ్ళ బార్ 20 కిలోలు ఉండేది చివర్ల లావు స్లీవ్‌ల (బిళ్ళలు ఎక్కించే గొట్టాలు) వల్ల. అంటే మీరు 30 అనుకుంటున్నది నిజానికి 21 దాకానే. ఆ బరువుకే నొప్పి వస్తోందంటే తప్పు బరువుది కాదు.

అసలు తప్పు ఆ బోల్టులో ఉంది. మంచి బార్‌కి స్లీవ్ విడిగా తిరుగుతుంది. క్లీన్‌లో చేతులు బార్ చుట్టూ తిరిగేటప్పుడు కమ్మీ తిరుగుతుంది, బిళ్ళలు తిరగవు. మీరు బోల్టు బిగించేసరికి బిళ్ళలు కూడా కమ్మీతోపాటే తిరగాలి. ఆ మొండితనమంతా మణికట్టు మోస్తుంది. తిరిగే స్లీవ్ ఉన్న బార్ దొరికేదాకా ఆ కమ్మీతో క్లీన్ పట్టించొద్దు, క్లీన్ పుల్ మాత్రం చేయించండి. పైకి లాగి, భుజాలు ఎగరేసి, కిందికి దించేయడమే. త్రోయర్‌కి కావాల్సిన కాళ్ళ విసురు పుల్‌లోనే చాలావరకు ఉంటుంది. కొనేటప్పుడు ఆడవాళ్ళ బార్ చూడండి: 15 కిలోలు, 25 మి.మీ. మందం, చిన్న చేతులకు పట్టు దొరుకుతుంది. స్లీవ్ బిగుసుకుంటే రెండు చుక్కల ఆయిల్.

ఇంకో ఇబ్బంది, చిన్న బిళ్ళలతో బార్ నేలకు మరీ దగ్గరగా ఉంటుంది. పోటీ బిళ్ళ వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి కమ్మీ మధ్య భాగం నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ దగ్గర అంత ఎత్తు రాదు. వంగి వంగి ఎత్తితే నడుము గుండ్రంగా అయిపోతుంది. రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు సరిచేయండి.

లాగే వరస: పాదాలు తుంటి వెడల్పు, బార్ బూటు లేసుల మీదుగా, భుజాలు బార్‌కి కాస్త ముందు, చేతులు నిటారు. పట్టు తొడలకు బొటనవేలంత బయట. బొటనవేలు బార్‌కి ఆనించి దాని మీద రెండు వేళ్ళు వేసే హుక్ పట్టు నేర్పండి, మొదటి వారం నొప్పిగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. నేల నుంచి మోకాలి దాకా నిదానం, మోకాళ్ళు వెనక్కి, వీపు కోణం మారకూడదు. మోకాలు దాటాక బార్ తొడను రాసుకుంటూ పోవాలి. తొడ పైభాగానికి చేరాక ఒక్కసారిగా చీలమండ, మోకాలు, తుంటి మూడూ తెరుచుకోవాలి. చేతులు అప్పటిదాకా తాళ్ళే. తొందరగా మోచేయి వంచితే కాళ్ళ బలం పైకి రాకుండా అక్కడే తెగిపోతుంది.

పట్టుకునేటప్పుడు మోచేతులు గబుక్కున ముందుకు రావాలి, బార్ భుజాల కండ మీద కూర్చోవాలి, వేళ్ళు వదులుగా ఉన్నా పడిపోకూడదు. మోచేతులు కిందికి చూస్తుంటే బార్ బరువు అరచేతుల్లోకి వస్తుంది, మణికట్టు వెనక్కి విరుగుతుంది. మంచి బార్ ఉన్నా ఇదొక్కటి తప్పితే నొప్పి తప్పదు. ఖాళీ బార్‌తో ఫ్రంట్ స్క్వాట్ (బార్ భుజాల ముందు పెట్టుకుని గుంజీ) చేయించి మోచేతులు ఎత్తి ఉంచడం ముందు రానివ్వండి.

మోతాదు: మూడేసి రెప్స్, నాలుగైదు సెట్లు, మధ్యలో రెండు మూడు నిమిషాలు విశ్రాంతి. బార్ వేగం తగ్గిన సెట్‌తో ఆపేయాలి. ఈ వయసులో ఒక్క రెప్ ఎంత ఎత్తగలదో అని పరీక్ష పెట్టొద్దు. అదే రోజు గుండు వేసేది ఉంటే గుండు ముందు, బార్ తర్వాత. మణికట్టు వాచినా, చెయ్యి ఊరికే ఉన్నప్పుడు కూడా నొప్పి ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించండి, నూనె రాసి నడిపించొద్దు.

దర్శి డిస్కస్:
కోవూరు అన్న చెప్పింది నిజమే కానీ మణికట్టు నొప్పికి బార్ ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. గుండు ఎట్టా పట్టుకుంటోందో చూడండి సార్. గుండు అరచేతిలో కూర్చోకూడదు, మధ్య మూడు వేళ్ళ మొదళ్ళ మీద ఉండాలి. బొటనవేలు, చిటికెనవేలు పక్కన జారకుండా కాపలా మాత్రమే. మెడకు, దవడ కిందకు ఆనించి, మోచేయి పక్కకు ఎత్తి ఉంచాలి. వేసేటప్పుడు మోచేయి కిందికి జారితే గుండు నెట్టడం మానేసి బంతిలా విసిరినట్టవుతుంది. మోచేయికి దెబ్బ, పైగా గుండు మెడ నుంచి కిందికి జారినా, భుజాల గీత వెనక్కి పోయినా ఫౌలే. వదిలాక మణికట్టు బయటికి, బొటనవేలు కిందికి తిరిగి ఉండాలి.

బూట్లు, సర్కిల్ కూడా చూసుకోవాలి. మన కోస్తాలో ఇసుక ఎగిరొచ్చి సిమెంటు మీద పడుతుంది, ప్రతి త్రో ముందు ఊడ్చాలి, బూటు అడుగు తుడవడానికి కొబ్బరి పీచు పట్టా వేయండి. పరుగు బూట్లతో గ్లైడ్ రాదు, అడుగున గాళ్ళు నేలను పట్టేస్తాయి, అడుగు నున్నగా ఉండాలి. కొత్త సర్కిల్ వేసేవాళ్ళకి ఒక మాట: చీమకుర్తి దగ్గరే కదా అని పాలిష్ గ్రానైటు పరచొద్దు. చీపురుతో గీసిన సిమెంటే మేలు. వ్యాసం 2.135 మీటర్లు, లోపలి నేల రిమ్ అంచుకు 2 సెంటీమీటర్లు కింద. స్టాప్ బోర్డు పొడవు 1.21 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. బోర్డు లోపలి ముఖానికి పాదం ఆనించొచ్చు, పైభాగం తాకితే ఫౌల్. సెక్టార్ 34.92 డిగ్రీలు కొలవడానికి యంత్రం అక్కర్లేదు: సర్కిల్ కేంద్రం నుంచి రెండు వైపులా 20 మీటర్లు టేపు లాగి, ఆ రెండు చివర్ల మధ్య సరిగ్గా 12 మీటర్లు వచ్చేలా గీతలు వేయండి.

కావలి పీఈటీ:
ధన్యవాదాలు. వీడియో తీశాం, మీరన్నట్టే కుడి పాదం దిగేసరికి ఛాతీ పక్కకి వచ్చేస్తోంది. మరి రొటేషన్?

ఒంగోలు త్రోస్:
ఇప్పుడు వద్దు సార్. భుజాలు వెనక ఉంచడం రాని పిల్లకి రొటేషన్‌లో అదే తప్పు రెట్టింపు అవుతుంది, తిరిగే వేగానికి ఫౌళ్ళు కూడా పెరుగుతాయి. పొట్టిగా, చురుగ్గా ఉండే త్రోయర్లకి అది కలిసొస్తుంది కానీ, దానికి డిస్కస్ తిరుగుడు ముందే వచ్చి ఉంటే బాగు. సాయంత్రాలు సరదాగా డిస్కస్ వేయించండి, మహిళల డిస్క్ 1 కిలో, సర్కిల్ 2.50 మీటర్లు. మన దగ్గర మధ్యాహ్నం మీద సముద్రపు గాలి తిరుగుతుంది కదా, తూర్పు ముఖంగా వేస్తే ఎదురుగాలికి డిస్క్ కాస్త దూరమే పోతుంది, అది చూసి మురిసిపోయి రికార్డు రాసుకోవద్దు.

కోవూరు బార్‌బెల్:
బెంచ్ ప్రెస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మాయి ఆ పని మానేయక్కర్లేదు, కానీ పుష్ ప్రెస్ (మోకాళ్ళు కాస్త వంచి, కాళ్ళ ఊపుతో బార్‌ను భుజాల మీంచి తలపైకి నెట్టడం) మేలు. కాళ్ళతో మొదలై చేత్తో ముగిసే వరస గుండు వేసే వరసకి దగ్గర. దిగేటప్పుడు మోకాళ్ళు మాత్రమే వంగాలి, ఛాతీ ముందుకు వాలితే బార్ ముక్కు ముందుకు పోతుంది. మడమలు నేలనే ఉండాలి.

దర్శి డిస్కస్:
పుష్ ప్రెస్ సరే. ఏటవాలు బెంచ్ మీద ప్రెస్ కూడా వారానికి ఒకసారి పెట్టండి, గుండు పోయే దిశకు అదే దగ్గర. అండర్ 20లోకి వెళ్ళాక గుండు 4 కిలోలవుతుంది. ఇప్పటి నుంచే వారంలో ఒకరోజు 4 కిలోలది నిలబడి కొన్ని త్రోలు వేయించండి. గ్లైడ్ మాత్రం 3 కిలోలదే, లేకపోతే ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న భుజాల ఆలస్యం మళ్ళీ పోతుంది.