సీటాబ్ కలిపితే క్వార్ట్జ్ మీద నీరు ఎందుకు పరచుకోవడం లేదు?

ప్రశ్న: శుభ్రం చేసిన క్వార్ట్జ్ పలక మీద నీటిబొట్టు పలుచగా పరచుకుంటోంది. ఆ నీటిలో సీటాబ్ (CTAB, సబ్బులాంటి ధనావేశపు పదార్థం) కొద్దిగా కలిపితే, తలతన్యత తగ్గినా బొట్టు గుండ్రంగా నిలబడుతోంది. ఇథనాల్ కలిపినప్పుడు ఇలా జరగడం లేదు. కారణం తెలుపగలరు.

జవాబు: తలతన్యత ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదండీ. పీహెచ్ 2 దాటిన నీటిలో క్వార్ట్జ్ ఉపరితలానికి రుణావేశం ఉంటుంది కనుక, సీటాబ్‌లోని ధనావేశపు తల (అణువులో నీటిని ఇష్టపడే కొన) దానికి అంటుకుని, నీటికి పడని 16 కార్బన్‌ల తోక నీటివైపు నిలుస్తుంది. అంటే నీటికి తగిలేది ఇక రాయి కాదు, మైనం లాంటి పొర. గాఢతను లీటరుకు 1 మిల్లీమోల్ దరిదాపులకు పెంచి చూడండి. తోకల మీద తోకలు చేరి రెండో పొర ఏర్పడి, తలలు బయటికి తిరగడంతో బొట్టు మళ్ళీ పరచుకుంటుంది.

మరొక జవాబు: పై వివరణ సరైనదే. ఇథనాల్‌కు ఆవేశం లేదు, తోకా పొట్టిదే. అది రాయిని పెద్దగా మార్చకుండా ద్రవం తలతన్యతనే తగ్గిస్తుంది (నీటికి సుమారు 72, శుద్ధ ఇథనాల్‌కు 22 మిల్లీన్యూటన్/మీటరు). నీటి మీద తేలే టాల్క్ పొడి సైతం ఇథనాల్ తగినంత కలిపితే తడిసి మునిగిపోతుంది. ఖనిజాలను గాలిబుడగలతో తేల్చి వేరుచేసే ఫ్లోటేషన్‌లోనూ ఆల్కహాల్‌ను ప్రధానంగా నురుగు కోసమే వాడతారు. క్వార్ట్జ్‌ను నీటికి దూరం చేసే పని అమీన్ కలెక్టర్లది (ఖనిజానికి అంటుకుని దాన్ని బుడగలకు పట్టించే రసాయనాలు).

అన్నట్టు, గాఢత మార్చిన ప్రతిసారీ పలకను కొత్తగా శుభ్రం చేయండి. పాత పొర మిగిలితే స్పర్శకోణం (బొట్టు అంచు పలకతో చేసే కోణం) తప్పుగా వస్తుంది.