అప్‌డేట్: అధిక కార్బొనేషన్ ఉన్న బెల్జియన్ బీరుకు సీసాలు, మూతలు (సమస్య తీరింది)

ఇంట్లో తయారుచేసిన ట్రిపెల్‌ను (ఘాటైన బెల్జియన్ బీరు) 3.5 వాల్యూముల కార్బొనేషన్‌తో (అంటే బీరు పరిమాణానికి మూడున్నర రెట్ల కార్బన్ డయాక్సైడ్ వాయువు కరిగి ఉండేలా) షాంపేన్ సీసాల్లో నింపితే గ్యాస్ ఎందుకు నిలవడం లేదని అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సీసా మూతిని కొలవమన్న సలహాయే దారి చూపింది: నేను బిగించినవి 26 మిల్లీమీటర్ల సాధారణ క్రౌన్ మూతలు (అంచు ముడతలతో ఉండే లోహపు మూతలు) కాగా, ఈ సీసాలకు 29 మిల్లీమీటర్ల మూతలూ, బిగించే పరికరానికి అదే కొలత బెల్లూ (మూతను సీసా మూతిపై నొక్కి బిగించే భాగం) కావాలి. అవి మార్చి మూడు వారాలు వెచ్చని చోట ఉంచాక నురగ చక్కగా నిలిచింది. నేను అనుమానించిన ఈస్ట్‌కూ, చక్కెర మోతాదుకూ దీనితో సంబంధమే లేదు. కార్కు, దాన్ని పట్టి ఉంచే తీగ కూడా అవసరపడలేదు. అయితే మూత దొరుకుతుంది కదా అని ఇంత పీడనాన్ని పలుచని మామూలు బీరు సీసాల్లో దయచేసి నింపకండి, అవి పగిలి గాయపరచగలవు.